కమలకుమారి చదివిన పేపరు

ఇరవై ఒక్క సంవత్సరాలుగా కెనడాలోని రెజైనాలో అమెరికా చరిత్ర చెబుతున్నా, యూనివర్సిటీలో కమలకుమారి పేరు రాసి ఉన్న తలుపు ఒక్కటీ లేదు. ఆమె సెషనల్ లెక్చరర్. అంటే నాలుగు నెలలకో కాంట్రాక్టు. ఆగస్టులో ఒక ఈమెయిలు, డిసెంబరులో ఒక ఈమెయిలు. వస్తే ఆ టర్ముకి క్లాసు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. మూడో అంతస్తులో సెషనల్స్ ఐదుగురికీ కలిపి ఒక గది ఇచ్చారు. అందులో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకదాని చక్రం విరిగి చాలాకాలమైంది. అందుకే ఆమె కాగితాలన్నీ కారు డిక్కీలో, రెండు అట్టపెట్టెల్లో ఉండేవి. చలికాలంలో బయటికి తీస్తే పేజీలు తిప్పడానికి వేళ్ళు సహకరించేవి కావు.

ఆమె పుట్టింది విశాఖపట్నంలో. తండ్రి పోర్టులో ఓడల నుంచి దిగిన సరుకు సరిచూసి సంతకం పెట్టే గుమాస్తా. కమలకుమారి ఎమ్మే అక్కడే చదివి, పీహెచ్‌డీ హైదరాబాద్‌లో చేసింది. ఆ రోజుల్లో "అమెరికా చరిత్ర నీకెందుకే?" అని అడగని చుట్టం లేడు. "మనం తిన్న గోధుమలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకుందామని" అనేది.

సరదాకి అన్న మాట కాదది. 1965, 66లలో దేశంలో కరువు. అమెరికా నుంచి ఓడల మీద గోధుమలు వచ్చేవి. అక్కడి ప్రభుత్వం అన్నీ ఒక్కసారిగా పంపకుండా ఏ నెలకానెల చూసి వదిలేది. ఆ 66 జూలైలో విశాఖ రేషన్ షాపుల్లో కొన్ని వారాలపాటు గోధుమ గింజ లేదు. అప్పటికి కమలకుమారికి నాలుగేళ్ళు. ఆమెకు గుర్తున్నది ఆకలి కాదు, తండ్రి చెప్పిన మాట. చుట్టాలు వచ్చినప్పుడు, కరెంటు పోయి అందరూ అరుగు మీద చేరినప్పుడు ఆయన అదే చెప్పేవాడు.

"వాషింగ్టన్‌లో ఒక్క సంతకం ఆగిందర్రా. ఇక్కడ ఊరంతా పొయ్యిలు ఆగిపోయాయి."

చెబుతూ, చెయ్యి గాలిలో సంతకం చేస్తున్నట్టు ఆడించేవాడు.

2009లో కమలకుమారి అచ్చు వేయించిన ఒకే ఒక్క పరిశోధనా వ్యాసం ఆ జూలైలో విశాఖకి గోధుమలు తేవాల్సిన ఓడ గురించే. రెండు వేసవులు అమెరికాలో పాత ప్రభుత్వ దస్త్రాల మధ్య కూర్చుని, మెడ పట్టేసేదాకా చదివి రాసింది. ఓడ అమెరికా రేవులోనే ఆగిపోయిందనీ, పైనుంచి అనుమతి రాకపోవడమే కారణమనీ ఆ వ్యాసం సారాంశం. ఆ వ్యాసం పుణ్యమా అని పర్మనెంట్ ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. రెండుసార్లూ బోర్డు వాళ్ళు అడిగింది ఒకటే: రెండో వ్యాసం ఏది? టర్ముకి నాలుగు క్లాసులు, దిద్దాల్సిన పేపర్లు నూట అరవై. రెండో వ్యాసం ఎప్పుడు రాయాలో ఆమెకూ తెలియలేదు. మూడోసారి ఉద్యోగం పడినప్పుడు అప్లై చేయలేదు. ఎందుకు చేయలేదని అడిగినవాళ్ళూ లేరు.

ఇదిలా ఉండగా, అమెరికా రాజకీయ, విధాన చరిత్ర మీద ప్రతి ఏటా ఏదో ఒక అమెరికా నగరంలో జరిగే పెద్ద కాన్ఫరెన్సు ఈసారి రెజైనాకి వచ్చింది. బయటి దేశాల సభ్యులకు అమెరికా వీసాలు దొరకడం గగనమైపోయింది. వీసా ఉన్నవాళ్ళలోనూ చాలామంది సరిహద్దు దగ్గర ఫోన్లు తీసి చూపించాల్సి వస్తే మాకొద్దు అన్నారు. ఎక్కడ పెడదామా అని కాన్ఫరెన్సు జరిపే చరిత్రకారుల సంఘం వాళ్ళు వెతికితే, వేసవిలో హాస్టల్ గదులన్నీ ఖాళీగా ఉండే రెజైనా కనబడింది.

ఫిబ్రవరిలో ఒకరోజు, బయట మైనస్ ముప్పై ఉండగా, డిపార్ట్‌మెంట్ హెడ్ హెదర్ కమలకుమారిని పిలిచింది. పన్నెండేళ్ళ కిందట హెదర్ కొత్తగా చేరినప్పుడు జిరాక్స్ మెషీన్ ఎక్కడుందో చూపించింది కమలకుమారే.

"మీకు ఊళ్ళో అందరూ తెలుసు కదా కమలా. లోకల్ అరేంజ్‌మెంట్స్ కొంచెం చూసిపెడతారా?" అంది.

ఆ కొంచెం మూడు నెలలు పట్టింది. గదులు, బస్సులు, బ్యాడ్జీలు, ఎవరికి వేరుశనగ పడదు, ఎవరు మెట్లెక్కలేరు, ఎవరికి ప్రార్థన చేసుకోవడానికి గది కావాలి, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. భర్త జనార్ధనరావు ప్రావిన్స్ రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. బల్ల మీద పరిచిన బ్యాడ్జీలు అక్షరక్రమంలో సర్దుతూ ఆయన ఒకరోజు అడిగాడు.

"ఇంత చాకిరీ చేయించుకుంటున్నారు. సెప్టెంబరులో, ఫాల్ టర్ముకి క్లాస్ ఇస్తామన్నారా?"

"అడగలేదు."

"అడగాలి కదా కమలా. బయటి దేశాల స్టూడెంట్లని తగ్గించేశారు, క్లాసులు తీసేస్తున్నారు అని నువ్వే చెప్తున్నావు."

"ఇప్పుడు అడిగితే దానికోసమే చేస్తున్నాననుకుంటారండీ."

"మరి దేనికోసం చేస్తున్నావు?"

కమలకుమారి మరో బ్యాడ్జీల కట్ట ఆయన ముందుకి జరిపింది. ఆమె పేపరు కూడా ఆ కాన్ఫరెన్సుకి తీసుకున్నారు. పదహారేళ్ళ తర్వాత అదే ఓడ మీద, అదే వ్యాసానికి కొనసాగింపు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర సెషన్‌లో వేశారు. ఆఖరి రోజు పొద్దున్న ఎనిమిదిన్నర అంటే, వచ్చినవాళ్ళు సూట్‌కేసులు లాక్కుంటూ ఎయిర్‌పోర్టు దారి పట్టే వేళ. అయినా ప్రోగ్రాములో తన పేరు అచ్చులో చూసుకుని, ఆ పేజీ దగ్గర చిన్న కాగితం ముక్క పెట్టుకుంది.

మే నెలాఖరులో జనం దిగారు. ఎవరూ ముందు ఊహించనిది ఒకటి జరిగింది. అమెరికాలో స్టూడెంట్ వీసా మీద చదువుతున్నవాళ్ళకి దేశం దాటవద్దని వాళ్ళ యూనివర్సిటీలే సలహా ఇచ్చాయి. దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు. లోపలికి రాలేనివాళ్ళ కోసం కాన్ఫరెన్సుని బయటికి తెస్తే, ఇప్పుడు బయటికి రాలేనివాళ్ళు లోపల ఉండిపోయారు. రిజిస్టరైన వాళ్ళలో మూడోవంతు రాలేదు. ఆన్‌లైన్ పెడితే వచ్చేవాళ్ళు కూడా రారని సంఘం ముందే వద్దనుకుంది. రాలేనివాళ్ళ పేపర్లు వేరెవరైనా చదివి వినిపించాలని ఏర్పాటు.

మూడు రోజులూ కమలకుమారి కాళ్ళు నిలవలేదు. వర్జీనియా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరుకి గాలి హోరుకి చెవులు నొప్పెట్టాయంటే టోపీ కొనిపెట్టింది. పన్నుల చట్టాల చరిత్రకారుడొకాయన మందుల డబ్బా విమానంలో మరిచిపోతే ఫార్మసీకి తీసుకెళ్ళింది. చెరువు దగ్గర బాతులు అడ్డంపడి బస్సు ఆగితే దిగి వాటిని తోలింది. మధ్యలో వీలు దొరికినప్పుడు ఏదో ఒక గదిలో వెనక గోడకి ఆనుకుని నిలబడి వినేది. అధ్యక్షుల అధికారాల గురించి, వృద్ధాప్య పింఛన్ల గురించి, వలస చట్టాల గురించి చెబుతున్నారు. అవన్నీ ఆమె ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పినవే. కాఫీ బల్లల దగ్గర మాత్రం వేరే మాటలు వినిపించేవి. ఫలానా ఆర్కైవ్‌లో మనుషుల్ని తీసేశారట, ఫలానా గ్రాంటు ఆగిపోయిందట. ఎవరూ గొంతు పెంచి మాట్లాడటం లేదు. వచ్చినవాళ్ళందరూ, సరిగ్గా తనలాగే, ఎప్పుడో అలిసిపోయి కూడా అలవాటు కొద్దీ నడుస్తున్నవాళ్ళలా అనిపించారు ఆమెకు.

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు హెదర్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"రేపటి మీ ప్యానెల్‌లో ముగ్గురిలో ఇద్దరు రాలేదు. చైర్ చేయాల్సినాయన ఇవాళే వెళ్ళిపోయారు. ఒకాయన పేపరు విత్‌డ్రా చేసుకున్నారు. ఇంకో అమ్మాయి, ఒహాయోలో పీహెచ్‌డీ స్టూడెంట్, టెక్స్ట్ పంపింది. అది మీరే చదివేస్తారా? లేదంటే సెషన్ క్యాన్సిల్ చేసేద్దాం. ఎలాగూ ఎంతమంది వస్తారో..."

"చదువుతాను" అంది కమలకుమారి. ఇరవై ఒక్క ఏళ్ళుగా హెదర్‌కీ, ఆమెకు ముందున్న హెడ్‌లకీ చెబుతూ వచ్చిన మాటే అది. నోటికి అలవాటైపోయింది.

ఇంటికి వచ్చి, వంటింట్లో కిటికీ పక్కన కూర్చుని ఆ పేపరు తెరిచింది. బయట ఇంకా ఎండ కాస్తూనే ఉంది. ఆ ఊళ్ళో మే నెలలో తొమ్మిదింటికి గానీ పొద్దుగూకదు. రాసిన అమ్మాయి పేరు రిషిత. ప్రోగ్రాములో సగమే వేసిన శీర్షిక ఇక్కడ పూర్తిగా ఉంది. అందులో విశాఖ రేవు అని చూడగానే ముందు ప్రాణం లేచొచ్చినట్టయింది. తను తప్ప ఆ రేవు ఎవరికి కావాలనుకుంది ఇన్నాళ్ళూ!

ఆరో పేజీలో తన పేరు కనబడింది. ఆ పేరు తర్వాత వాక్యం ఇలా ఉంది: "ఈ వాదన నిలబడదు."

రిషిత రాసింది సూటిగా ఉంది. ఆ ఏడాది వాషింగ్టన్ ఓడలను ఆపి ఆపి వదిలిన మాట నిజమే. కానీ ఆగిన ఓడలలో ఈ ఓడ లేదు. ఓడలను రేవులోకి నడిపే పోర్టు పైలట్ల రిజిస్టరు ప్రకారం అది జూలై తొమ్మిదినే విశాఖ చేరింది. పదిహేడు రోజులు సరుకు దించకుండా రేవులోనే ఉంది. కారణం, పైవరసల బస్తాలు సముద్రపు నీటికి తడిసిపోవడం. వాటిని సరిచూసుకున్నామని సంతకం పెట్టడానికి ఏడో నంబరు షెడ్డు గుమాస్తాలు ఒప్పుకోలేదు. అంతకుముందు సంవత్సరం ఇలాగే తడి బస్తాలకు సంతకం పెట్టిన ఇద్దరిని, పాడైన సరుకుకి మీరే బాధ్యులని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ భయంతో వీళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. పై అధికారులు పట్టుదలకు పోయారు. పదిహేడు రోజులు గడిచాయి. ఇదంతా ఆ కాలంలో కార్మిక సంఘం తెలుగులో వేసిన ఒక కరపత్రంలో ఉంది. "ఓడ ఆలస్యమైంది" అని పోర్టు అధికారి రాసిన ఉత్తరం, కమలకుమారి ఆధారంగా తీసుకున్న ఆ ఉత్తరం, తమ గొడవను కప్పిపుచ్చుకోవడానికి రాసినది.

కింద ఫుట్‌నోట్‌లో సంతకం పెట్టని పదకొండు మంది గుమాస్తాల పేర్లు కరపత్రంలో ఉన్న వరసలోనే ఉన్నాయి. నాలుగో పేరు బి. సన్యాసిరావు.

కమలకుమారి ఆ పేరు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో తండ్రి పేరు. రిషితకు తెలిసే అవకాశం లేదు, కమలకుమారి ఇంటిపేరు పెళ్ళితో మారిపోయింది. ఏడో నంబరు షెడ్డు అంటే నాన్నకి ఇంటి తర్వాత ఇల్లు. పండక్కి కూడా పొద్దున్నే ఒకసారి వెళ్ళి చూసి వచ్చేవాడు.

జనార్ధనరావు టీ తెచ్చి పెట్టాడు. ఆమె మొహం చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు.

"ఒంట్లో బాలేదని ఫోన్ చేసెయ్. మూడు రోజుల్నుంచి చూస్తున్నాను, నిజంగానే బాలేదు."

"అప్పుడా అమ్మాయి పేపరు ఎవరు చదువుతారండీ?"

"నీ ఒక్కగానొక్క వ్యాసాన్ని నీ నోటితోనే తప్పని చెప్పుకుంటావా? నలుగురిలో?"

"నలుగురు వస్తే కదా" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆయనే మళ్ళీ అన్నాడు. "మీ నాన్నగారు కావాలని అబద్ధం చెప్పి ఉండరు. ముందు ఎవరో అన్న మాటే అయ్యుంటుంది. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేసి ఉంటారు."

"ఏమో. ఆయన సంతకం చేస్తున్నట్టు చెయ్యి ఎలా ఆడించేవారో మీకు తెలీదు. మీరు చూడలేదు."

టీ కప్పు పక్కకి జరిపింది. కోపం వచ్చిన మాట నిజం. ముందు రిషిత మీద, అంత చిన్నపిల్ల అంత పొడిగా ఎలా రాసిందని. తర్వాత తండ్రి మీద. ఆ తర్వాత, అమెరికాలో రెండు వేసవులు దస్త్రాలు తిరగేసి, తను పుట్టిన ఊళ్ళో ఒక్క గుమాస్తానైనా అడగని తన మీద. అన్నింటికీ సరిపడా ఓపిక లేక, టీ చల్లారిపోయాక తాగి, రేపు తను చదవాల్సిన సొంత పేపరు తీసి చూసుకుంది. ఇరవై పేజీలు. అన్నీ ఆ ఆగిన ఓడ మీదే నిలబడ్డాయి. ఆ కాగితాలు తీసి బల్ల అవతలి అంచుకి జరిపింది.

ఆదివారం పొద్దున్న ఏడుగురు వచ్చారు. ఇద్దరి పక్కన సూట్‌కేసులున్నాయి. వెనక వరసలో హెదర్. ముందు వరసలో వ్యవసాయ చట్టాల చరిత్ర రాసిన హాలొవే అనే ముసలి ప్రొఫెసరు, లోపల కూడా ఉన్ని టోపీ తియ్యకుండా.

కమలకుమారి లేచి నిలబడింది. "నా పేపరు ఇవాళ చదవడం లేదు. ఎందుకో ఈ పేపరు విన్నాక మీకే తెలుస్తుంది" అంది. రిషిత పేరు, ఆమె ఎందుకు రాలేకపోయిందో చెప్పి, చదవడం మొదలుపెట్టింది.

ఎన్నో ఏళ్ళ అలవాటు కాబట్టి గొంతు స్థిరంగానే ఉంది. ఆరో పేజీ వచ్చింది. తన పేరు తనే, ఎవరో మూడో మనిషి పేరులా చదివింది. "ఈ వాదన నిలబడదు." ఆ తర్వాత కావలసినంత సేపు ఆగి నీళ్ళు తాగింది. ముందు వరసలో హాలొవే ఆమె బ్యాడ్జీ వైపు, చేతిలో ఉన్న ప్రోగ్రాము వైపు మార్చి మార్చి చూశాడు. ఫుట్‌నోట్లు పైకి చదవడం మామూలుగా ఉండదు. ఆమె పదకొండు పేర్లూ చదివింది. నాలుగో పేరు సగంలో ఆగింది. దగ్గి, మళ్ళీ చదివింది.

పూర్తయ్యాక చప్పట్లు మర్యాదకు తగ్గట్టు కొట్టారు. సూట్‌కేసు ఉన్న ఒకాయన టైము చూసుకుని మెల్లగా బయటికి వెళ్ళిపోయాడు. హాలొవే చెయ్యెత్తాడు.

"రాసినావిడ ఇక్కడ లేదు. కానీ విమర్శకు గురైనావిడ ఉన్నారు. మీరేమంటారు?"

"ఆ అమ్మాయి చెప్పింది నిజం. నాది తప్పు."

"ఎలా జరిగిందో తెలుసా మీకు?"

కమలకుమారి ఆలోచించింది. జవాబు దాటవేయడం కష్టమేమీ కాదు. దాటవేయడానికైనా ఓపిక కావాలి.

"నా దగ్గర ఒక కథ ముందే ఉంది. ఇంట్లో విన్నది. దానికి సరిపడే ఉత్తరం ఒకటి దొరకగానే వెతకడం ఆపేశాను. కథ నాకు ఇష్టమైంది కాబట్టి ఆపేశాను."

హాలొవే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేనూ అలా రెండుసార్లు చేశాను" అన్నాడు నెమ్మదిగా. "నలభై ఏళ్ళయింది. ఇప్పటిదాకా నన్నెవరూ పట్టుకోలేదు. అంత జాగ్రత్తగా చదివినవాళ్ళు లేరు."

ఆ మాట ఆమెకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. అప్పటికి బస్సు వచ్చిందని ఎవరో చెప్పారు. ఆయన లేచి, ఆమెకు చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. హెదర్ దగ్గరికి వచ్చింది. "కమలా, మీరు..." అని, ఏమనాలో తోచక, "మిగిలిన బ్యాడ్జీల పెట్టె మా ఆఫీసులో పెట్టేస్తే చాలు" అంది.

మధ్యాహ్నం అందరినీ పంపించాక, ఖాళీ హాల్లో కూర్చుని రిషితకు ఫోన్ చేసింది. నంబరు ఆ పేపరు మొదటి పేజీ మీదే ఉంది. తెలుగులోనే తన పేరు చెప్పి, పొద్దున్న పేపరు తనే చదివానంది.

"మేడం, మీరే చదివారా? అయ్యో. నాకు నిజంగా తెల్వదు మేడం. హాల్లో ఎవరో ఒకరు చదువుతారన్నారు అంతే. తెలిస్తే ఆ పేజీ కొంచెం సాఫ్ట్ చేసి పంపేదాన్ని."

"తెలియకపోవడమే మంచిదైందమ్మా. లేకపోతే చెడగొట్టేదానివి."

"కోపం వచ్చిందా మేడం?"

"నిన్న సాయంత్రం వచ్చింది. ఇవాళ దానికీ ఓపిక లేదు."

రిషిత నవ్వింది. నవ్వులోనే ఏడుపు కలిసినట్టు వినిపించింది. కరీంనగర్ అమ్మాయి. నాలుగేళ్ళయింది ఇంటికి వెళ్ళి. ఇప్పుడు వెళ్తే తిరిగి రాలేనేమోనని ఈ వేసవీ టికెట్ కొనలేదు. అడ్వైజర్ ఆ పేపరు బాగుందన్నాడు తప్ప, ఆ రేవు ఎక్కడుందో మ్యాపులో కూడా చూడలేదట.

"ఆ కరపత్రం నీకెక్కడ దొరికింది?" అడిగింది కమలకుమారి.

"వైజాగ్‌లోనే మేడం. పాత టౌన్‌లో యూనియన్ ఆఫీస్ ఉంది కదా, దాని అటక మీద. ఫస్ట్ ఇయర్‌లో వెళ్ళినప్పుడు. పైకెక్కితే ఒళ్ళంతా బూజు. ఫొటోలు తీసుకుని వచ్చా."

"ఆ ఆఫీసు ముందు నుంచే నేను స్కూలుకి వెళ్ళేదాన్ని. ఆ అటక ఎక్కాలని నాకు తోచలేదు."

"మీరు మీ వ్యాసంలో నలభై రెండో ఫుట్‌నోట్‌లో, షెడ్డు నంబర్ ఏడు అని రాశారు మేడం. ఎక్కడా లేదది వేరే పుస్తకాల్లో. అది పట్టుకునే నేను వెతికా. లేకపోతే నాకూ దొరికేది కాదు."

కమలకుమారి ఫోను రెండో చెవికి మార్చుకుంది. పదహారేళ్ళలో ఆ వ్యాసంలో నలభై రెండో ఫుట్‌నోట్ దాకా చదివిన మనిషి ఒకరున్నారని ఇప్పుడు తెలిసింది.

"ఆ నంబరు నేను ఏ కాగితంలోనూ చూడలేదమ్మా" అంది చివరికి. "మా ఇంట్లో విన్నది. నువ్వు రాసిన పదకొండు పేర్లలో నాలుగో ఆయన మా నాన్న."

అవతలి నుంచి చాలా చిన్న గొంతుతో, "మేడం... ఇది నేను రాసుకోవచ్చా?"

"ముందు నన్ను రాయనీ. తర్వాత నువ్వు నన్ను ఫుట్‌నోట్‌లో పెట్టుకో."

జూన్ మూడో వారంలో హెదర్ దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చింది. ఎన్‌రోల్‌మెంట్ తగ్గినందువల్ల ఫాల్‌లో అమెరికా చరిత్ర క్లాసు పెట్టడం లేదనీ, కాన్ఫరెన్సుకి ఆమె చేసిన సేవ మరువలేనిదనీ ఒకే పేరాలో ఉంది. కమలకుమారి ఆ మెయిలు రెండుసార్లు చదివింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. సాయంత్రం జనార్ధనరావు, ఆమె కలిసి డిక్కీలో ఉన్న అట్టపెట్టెలు ఇంట్లోకి మోసి, ఎవరూ వాడని గదిలో గోడవారగా పెట్టారు.

ఆ గదిలోనే, సెప్టెంబరు నెలంతా కూర్చుని, పాత వ్యాసం వేసిన పత్రికకే ఒక సవరణ రాసింది. పేజీన్నర. పొడుగు రాయడం కంటే కష్టమైంది. ఫలానా చోట నేను తప్పు రాశాను, సరైన సంగతి ఇది, దీన్ని కనిపెట్టింది రిషిత, ఆ గుమాస్తాలలో ఒకరు మా తండ్రి. ఆఖరి వాక్యం తీసేయాలా ఉంచాలా అని పది రోజులు తటపటాయించి ఉంచేసింది. ప్రతి శనివారం రిషిత ఫోన్ చేసేది. పేపరు గురించి మొదలుపెట్టి పచ్చిపులుసులోకి ఏం వేస్తారన్న దాకా వెళ్ళేవారు. కొన్ని శనివారాలు ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా, "ఊరికే చేశా మేడం" అనేది. కమలకుమారి పెట్టెల్లో ఉన్న జిరాక్సులు ఒక్కొక్కటే స్కాన్ చేసి పంపేది. స్కానర్ ముందు నిలబడి నిలబడి నడుము పట్టేసేది.

మార్చిలో సవరణ అచ్చయింది. ఇంటర్వ్యూ బోర్డు వాళ్ళు పదే పదే అడిగిన రెండో ప్రచురణ అదే అయింది. దాన్ని చూపించడానికి ఇప్పుడు ఏ బోర్డూ లేదు.

విశాఖలో ఉన్న తమ్ముడు వెంకటేశ్వర రావుకి కూడా ఒక కాపీ పంపింది. వెంటనే ఫోన్ వచ్చింది.

"నాన్న పేరు ఎందుకు లాగావక్కా? ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు. ఎవడడిగాడు నిన్ను?" అని అరిచి పెట్టేశాడు. తర్వాత రెండు నెలలు ఫోన్ లేదు. కమలకుమారి కూడా చేయలేదు. చేసి ఏం చెప్పాలో తెలియలేదు.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే చేశాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"మళ్ళీ చదివానే అక్కా, నెమ్మదిగా. ఆ ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేశారని రాశావు చూడు, ఆ ఇద్దరిలో ఒకడు మన పక్కింటి అప్పలరాజు మావయ్య. నీకు గుర్తుండదు, నువ్వు చిన్నపిల్లవి. నేనింకా పుట్టనే లేదు. అమ్మ చెప్పేది. ఆయన కుటుంబాన్ని తీసుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడట. నాన్న బస్టాండు దాకా వెళ్ళి వచ్చి రెండు రోజులు అన్నం తినలేదట."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు అడగలేదేమో. నేనైనా అడిగి తెలుసుకోలేదు. వంకాయలు తరుగుతూ ఏదో మాట మీద చెప్పింది." గొంతు తగ్గించి అడిగాడు. "సంతకం పెట్టకపోవడంలో తప్పేముందక్కా? పెడితే మనమూ ఊరొదిలేవాళ్ళం."

"తప్పని నేను రాయలేదురా."

"రాయలేదు. చూశాను" అన్నాడు. "ఇదంతా ఆ అమ్మాయికి చెప్పు. అప్పలరాజు మావయ్య కొడుకు నంబరు కనుక్కుంటాను. అనకాపల్లిలో ఉన్నాడని ఎవరో అన్నారు."

కమలకుమారి సరేనంది. ఫోన్ పెట్టేసి, ఒక కాగితం మీద "అప్పలరాజు, కొడుకు, అనకాపల్లి" అని రాసుకుంది. జనార్ధనరావు తలుపు దగ్గర నిలబడి అడిగాడు. "ఏమంటున్నాడు?"

"మళ్ళీ పని పెట్టాడండీ" అంది ఆమె. ఇంకా పొద్దున్న తొమ్మిదైనా కాలేదు. అప్పుడే కళ్ళు లాగుతున్నాయి. కాసేపు పడుకుని లేచి, ఆ పని మొదలుపెట్టింది.